చామనచాయ ముఖం, చుక్కల్లో

సభకు నమస్కారం. దామెర్ల రామారావుగారి రాజమండ్రిలో నిలబడి బొమ్మల గురించి మాట్లాడాలంటే ఎవరికైనా కాస్త టెన్షనే. 1897లో పుట్టి 1925లోనే వెళ్ళిపోయినా, గోదావరిని బొమ్మల్లోకి తెచ్చిన మనిషి ఆయన. నేను ఇవాళ చెప్పేది వేరే దారి: నూనె రంగుల్లో, చుక్కలతో, మన మనిషి ముఖం వెయ్యడం.

విడివిడి రంగుల చుక్కలు పక్కపక్కన పెట్టి, దూరం నుంచి చూస్తే కంట్లో కలిసేలా వేసేది చుక్కల చిత్రం. ఆ మాట అనగానే ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సెరా 1884–86 మధ్య వేసిన గ్రాండ్ జాట్ దీవి బొమ్మ గుర్తొస్తుంది. దాదాపు రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. కానీ ముఖాలు నేర్చుకోవడానికి నేను దాని దగ్గరికి పోను. మరో ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సిన్యాక్ 1890లో వేసిన, కళా విమర్శకుడు ఫెలిక్స్ ఫెనెయాన్ చిత్రం చూడండి, బెల్జియం చిత్రకారుడు తెయో వాన్ రైసెల్‌బర్గ్ పోర్ట్రెయిట్లు చూడండి. ఆ బొమ్మల్లో ఉన్నవి తెల్ల ముఖాలు. మన పని అక్కడే మారుతుంది.

నేను వేస్తున్నది మా పెదనాన్నగారిని. లాంచీ సరంగుగా పని చేసి మానేశారు. కాలవ గట్టున ఇల్లు, ఎదురుగా వరిచేలు. ఆయన రంగు ఏమిటని అడిగితే చామనచాయ అంటాం, వెంటనే గోధుమ రంగు ట్యూబు మూత తీస్తాం. ఆ ట్యూబును నేను పెట్టెలోనే ఉంచేశాను. అరుగు మీద పొద్దుటి ఎండలో కూర్చున్నప్పుడు ఆయన చెంప ఎముక మీద నారింజ, ఎరుపు ఉన్నాయి. నుదుటి మెరుపు తెలుపు కాదు, ఆకాశపు లేత నీలం. దవడ కింద చేల పచ్చదనం వచ్చి పడుతుంది. మెడ నీడలో ఊదా. ఇవన్నీ విడివిడి చుక్కలుగా పెడితేనే ఆ చాయ బతుకుతుంది. ఒకే గోధుమ రంగు పూస్తే చెక్కబొమ్మ అవుతుంది.

ఒక రంగు దాని పక్కనున్న రంగును బట్టి మారి కనిపిస్తుందని 1839లో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పుస్తకం రాశాడు. పారిస్‌లో గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకాలు చూసేవాడాయన. నల్ల దారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులొస్తే, లోపం అద్దకంలో లేదని, పక్క దారాల వల్ల అలా కనిపిస్తోందని తేల్చాడు. మన బండారులంక మగ్గాల మీద కూర్చునేవాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

చుక్కలు కంట్లో కలిస్తే రంగు ఇంకా వెలిగిపోతుందని చాలామంది అంటారు. అంత నిజం కాదు. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు సమానంగా పెట్టి దూరంగా వెళ్ళండి, మిగిలేది మసక రంగే. అందుకని ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉండాలి. ఇంకా ముఖ్యం, ఒకే చోట పెట్టే చుక్కల వెలుగు స్థాయి దగ్గరదగ్గరగా ఉండాలి. కాడ్మియం పసుపు పక్కన అల్ట్రామెరైన్ నీలాన్ని ట్యూబులోంచి తీసినట్టే పెడితే చెంప మీద మచ్చలే కనిపిస్తాయి. నీలంలో తెలుపు కలపాలి. రంగు కాస్త తప్పినా ముఖం నిలుస్తుంది, వెలుగునీడలు తప్పితే నిలవదు.

మామూలు కన్ను ఒక నిమిషం కోణం వరకు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు వరకు, విడదీసి చూడగలదు. ఆ లెక్కన 3 మిల్లీమీటర్ల చుక్కలు పూర్తిగా కలిసిపోవాలంటే సుమారు 10 మీటర్లు వెనక్కి జరగాలి. మన ఇళ్ళలో అంత హాలు ఎక్కడుంది? కాబట్టి పూర్తిగా కలవాలని ఆశపడొద్దు. సగం కలిసీ కలవని ఆ కదలికే నాకు కావాలి, చర్మం కింద రక్తం ఉందనిపించేది అదే.

నూనె రంగు ఆరేది నీరు ఇగిరి కాదు, గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని. ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఆలస్యం. పచ్చి చుక్క మీద ఇంకోటి పెడితే రెండూ బురదే. నూనె కలపకుండా చిక్కటి రంగు తీసుకుని, చుక్కల మధ్య ఖాళీలు వదిలి, అవి ఆరాకే ఖాళీలు నింపుతాను. ట్యూబు మీద పిగ్మెంట్ పేరు, అంటే రంగునిచ్చే పొడి పేరు, చదివి కొనండి. సెరా వాడిన జింక్ పసుపు కొన్నేళ్ళకే గోధుమ రంగుకు తిరిగింది.

పెదనాన్నగారి బొమ్మ పక్క గదిలో ఉంది. రంగు ఇంకా పచ్చిగానే ఉంది, చెయ్యి తగిలించకండి. ముందు గుమ్మం దగ్గర నిలబడి చూడండి, తర్వాత దగ్గరికి రండి. ప్రశ్నలు అక్కడే అడగండి.