చైనీస్ అక్షరాలు దిద్దడానికి యాప్ మంచిదా, గళ్ల పుస్తకమా? మూడు నెలలు వాడి చెప్తున్నా

నమస్తే అండీ. ముందు ఈ కాగితం చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతా. నేను మొదటి వారంలో రాసిన ‘ఖౌ’ ఇది. నోరు అని అర్థం. చూడ్డానికి చిన్న పెట్టె, అంతే! నేను పెన్ను ఎత్తకుండా ఒక్క చుట్టు చుట్టేశా. మనకి సున్నా చుట్టే అలవాటు చిన్నప్పట్నుంచీ ఉంది మరి. కానీ అది మూడు గీతలు. ఎడమవైపు నిలువు గీత ఒకటి. పైన అడ్డంగా వెళ్లి, మూల దగ్గర పెన్ను ఎత్తకుండా కిందికి దిగేది రెండోది. అడుగున మూసేది మూడోది. పెట్టెకి వైపులు నాలుగు, గీతలు మాత్రం మూడే.

“ఎలా రాస్తే ఏంటిరా, చివరికి పెట్టేగా” అన్నాడు మా అన్నయ్య. నిఘంటువులో గీతల లెక్కని బట్టి అక్షరం వెతకాలంటే, లెక్క తప్పితే పేజీ తప్పినట్టే. ఫోన్లో గీతల కీబోర్డు ఒకటుంది. అడ్డం, నిలువు, ఎడమకి వాలేది, చుక్క, మలుపు, ఇలా అయిదే మీటలు. వరసగా నొక్కితేనే అక్షరం దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, గబగబా రాసేటప్పుడు గీతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వరస తప్పితే అతుకులు తప్పుచోట పడతాయి, చదివేవాళ్లకి అర్థం కాదు. మనలో మాత్రం తలకట్టు ముందు పెట్టి, దాని కింద ‘క’ రాసేవాళ్లు ఉంటారా చెప్పండి!

సరే, యాప్ సంగతి. నేను వాడిన దాని పేరు చెప్పను, ఎందుకంటే ఈ తరహావి చాలావరకు ఒకేలా ఉంటాయి. అక్షరం గీత గీతగా కదులుతూ కనిపిస్తుంది, తర్వాత మనం వేలితో గీయాలి. మూడుసార్లు తప్పితే సరైన గీత మెరిపించి చూపిస్తుంది. వరస నేర్పడంలో దీన్ని మించింది లేదు, ఒప్పుకుంటా. చిక్కంతా ఎక్కడంటే, నేను వంకరగా గీసినా నా గీతని మింగేసి, దాని చోట అచ్చులాంటి గీత పెట్టేస్తుంది. ఆహా ఎంత బాగా రాశాను అనుకుంటాం. కాగితం మీద పెడితే తెలుస్తుంది అసలు రంగు.

ఇంకోటి, డౌన్‌లోడ్ చేసే ముందు అది ఏ దేశం వరస నేర్పుతోందో చూడండి. ‘వాంగ్’, అంటే రాజు, చైనాలో రెండు అడ్డగీతల తర్వాత నిలువు గీస్తారు. జపాన్‌లో ఒక అడ్డగీత కాగానే నిలువు. రెండూ వాళ్లవాళ్ల దగ్గర కరెక్టే. నేను మొదట పెట్టుకున్న యాప్ జపాన్ వరస నేర్పింది, రెండు వారాలు గాలికి పోయాయి. చైనా అయితే వరసకి ప్రభుత్వ ప్రమాణమే పెట్టుకుంది. 1997లో 7,000 అక్షరాలకి ఇచ్చారు, 2021 మార్చి నుంచి 8,105 అక్షరాలకి కొత్తది అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు ఇది, నాకిష్టమైన వస్తువు. ‘థియెన్ జ గ’ పుస్తకం. ‘జ’ని జొన్నలో పలికినట్టు పలకండి. ప్రతి గడిలోనూ ఒక అడ్డగీత, ఒక నిలువుగీత, చుక్కచుక్కలుగా. పొలం అనే అక్షరం ‘థియెన్’ అచ్చం ఇలాగే ఉంటుంది, అందుకే ఆ పేరు. మొదటి గడుల్లో ఎర్రరంగులో అక్షరాలు అచ్చువేసి ఉన్నాయి చూడండి, వాటి మీద నల్ల సిరాతో రాయాలి. అంటే దిద్దడమే! పలక మీద అమ్మ పెద్దగా ‘అ’ రాసిస్తే దాని మీదే బలపం తిప్పేవాళ్లం కదా, అదే. గీత మధ్యలో పడిందా, పక్కకి జరిగిందా అనేది గడి వెంటనే పట్టిస్తుంది. యాప్‌కి ఇది చేతకాదు. కాకపోతే నేను కొన్న పుస్తకం కాగితం పల్చన, జెల్ పెన్ను అవతలికి దిగిపోతోంది. పైగా తప్పు వరసలో దిద్దినా పుస్తకం నోరెత్తదు.

ఒక్క అక్షరం దగ్గర ఆగుదాం. ‘వో’, అంటే నేను. ఏడు గీతలు. నాలుగోది చూడండి, కింద ఎడమ నుంచి పైకి కుడివైపు ఎగరాలి. నెల రోజులు నేను దాన్ని పైనుంచి కిందికి లాగా. పైకి ఎగిరేస్తే పెన్ను కుడివైపుకి వచ్చేస్తుంది, అయిదో గీత, అదే పొడుగ్గా వాలి చివర కొక్కెం తిరిగేది, ఆ పక్కనే పైనుంచి మొదలవుతుంది. చెయ్యి దారి తనే వెతుక్కుంటుంది. కిందికి లాగితే మళ్లీ వెనక్కి రావాలి. వరస ఎందుకో నాకు అక్కడ అర్థమైంది. ‘గువో’, అంటే దేశం, దానికైతే చైనా బళ్లలో ఒక మాట చెప్తారు: ముందు మనుషులు లోపలికి వెళ్లాలి, తర్వాత తలుపు వెయ్యాలి. చుట్టూ ఉన్న పెట్టె అడుగు గీత ఆఖరున.

కొనాలా వద్దా? మాట్లాడి, టైప్ చేస్తే చాలు అనుకునేవాళ్లు రెండూ వదిలెయ్యండి. పెన్ను పట్టగానే అక్షరం మర్చిపోవడానికి చైనా వాళ్లకే ‘థీ పీ వాంగ్ జ’ అని ఒక మాట ఉంది, మీరేం సిగ్గుపడక్కర్లేదు. రాయాలనుకునేవాళ్లు మాత్రం కొత్త అక్షరం వరస యాప్‌లో రెండుసార్లు చూసి, ఫోన్ బోర్లా పెట్టేసి గళ్లలో రాయండి. పుస్తకం దొరక్కపోతే గళ్లు ప్రింట్ తీసుకున్నా చాలు.

ఇదిగో, ఇవాళ పొద్దున రాసిన ‘వో’. ఆరో గీత ఇంకా కొంచెం పొట్టిగానే ఉంది.