మార్చురీ దగ్గర వేయించుకున్న వేలిముద్ర చెల్లదు!

అన్నా, అక్కా, పనిలో మనవాళ్లు చనిపోతే, పరిహారం హక్కు వదులుకున్నట్టు కాగితం రాసి మార్చురీ బయట మీతో వేయించుకున్న వేలిముద్ర చెల్లదు. మళ్లీ చెప్తున్నా, చెల్లదు!

2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగాక టీవీల్లో కోటి పరిహారం, కోటి పరిహారం అని ఒకటే మోత. ఇవ్వాల్సిందే, కాదనను. మరి కెమెరా వెళ్లని చోట? ఐదో అంతస్తులో సెంట్రింగ్ కడుతూ జారిపడ్డ శ్రీకాకుళం కుర్రాడికి ఎవరన్నారు కోటి?

పోయిన వేసవిలో నా కళ్లతో చూశా. పోస్ట్‌మార్టం గది మెట్ల మీద అతని భార్య, ఒళ్లో ఏడాది బిడ్డ. చుట్టూ మేస్త్రీ, నలుగురు పెద్దమనుషులు. "మూడు లక్షలిస్తాం, అంబులెన్స్ ఖర్చు మాదే" అంటూ ఆమె బొటనవేలు పట్టుకుని స్టాంప్ పేపర్ మీద నొక్కించారు. ఆ సిరా బిడ్డ పాలసీసాకి కూడా అంటుకుంది.

లెక్క చూడండి. మనిషికి 30 ఏళ్లు, జీతం 15 వేలు. ఎంత సంపాదించినా 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద లెక్కలోకి తీసుకున్నది అంతవరకే. అందులో సగం 7,500. దాన్ని ఆ వయసుకి చట్టం పట్టికలో ఇచ్చిన గుణకం 207.98తో హెచ్చించాలి. మొత్తం 15,59,850 రూపాయలు! మూడు లక్షలెక్కడ, ఇదెక్కడ!

హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదని ఆ చట్టం 17వ సెక్షన్ చెప్పింది. చావు పరిహారం ఈ కేసులు చూసే ప్రభుత్వ కమిషనర్ దగ్గరే కట్టాలి. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సు తప్ప చేతికిచ్చింది లెక్కకే రాదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ రక్షణలున్నాయి.

"తనే సేఫ్టీ బెల్టు పెట్టుకోలేదు" అంటారు. ప్రాణం పోయాక ఆ సాకు నిలవదు. "ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోవట్లేదు" అంటారు. పాలసీ యజమాని తన నెత్తిన పడే బరువు కోసం కొనుక్కున్నది. ప్రీమియం తగ్గుతుందని యాభై మందిని పది మందిగా చూపిస్తే ఆ తగువు వాళ్లిద్దరిదీ. మన డబ్బు యజమానే కట్టాలి! ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, ఉంటే మాత్రం దారి వేరు, అక్కడ కుటుంబానికి నెలనెలా పెన్షన్ వస్తుంది.

ఇంత తొందరెందుకంటారా? నా అనుమానం ఒకటే. శవం ఊరు చేరితే చదువుకున్న బంధువు ఒకడైనా లెక్క అడుగుతాడు. పైగా పరిహారం కట్టకుండా నెల దాటితే 12 శాతం వడ్డీ, అసలులో సగం దాకా పెనాల్టీ!

దరఖాస్తుకి రెండేళ్ల గడువుంది. చెల్లీ, నువ్వు ఎక్కడున్నావో నాకు తెలియదు. నీతో ఆ వేలిముద్ర వేయించుకుని ఇంకా రెండేళ్లు కాలేదు. లేబర్ ఆఫీసుకి వెళ్లు.