రిబేటు డబ్బు చేతికి రావాలంటే: అమెరికా రూల్స్ ఏమంటున్నాయి

(తెర మీద: ఓ ప్రకటన. పెద్ద అక్షరాల్లో ధర, కింద చిన్నగా 'రిబేటు తర్వాత'.)

నమస్కారం. ఈ ప్రకటనలో ముందు మీ కన్ను పడేది ఆ పెద్ద అక్షరాల ధర మీదే కదా? కౌంటర్ దగ్గర మీరు కట్టేది మాత్రం అది కాదు. ముందు పూర్తి ధర కట్టాలి. తర్వాత ఫారం నింపి, బిల్లు జత చేసి, డబ్బా మీది బార్‌కోడ్ కత్తిరించి పంపితే, కొన్ని వారాలకు చెక్కో ప్రీపెయిడ్ కార్డో వస్తుంది. అమెరికాలో దీన్ని మెయిల్-ఇన్ రిబేటు అంటారు. ఇప్పుడు చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు, అయినా పద్ధతి అదే.

తగ్గించేదేదో అక్కడే తగ్గించొచ్చు కదా, ఎందుకింత తిప్పడం? ఎందుకంటే అందరూ పంపరు. ఒకరు ఫారం పోగొట్టుకుంటారు, ఒకరు గడువు దాటిస్తారు, ఇంకొకరు వచ్చిన చెక్కును బ్యాంకులో వేయడం మర్చిపోతారు. ఇలా మిగిలిపోయే డబ్బుకు వ్యాపారంలో బ్రేకేజ్ అని పేరే ఉంది. మన మతిమరుపును ముందే లెక్కలో వేసుకుని ఆఫర్ పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

(తెర మీద: 30 రోజులు)

అమెరికాలో వినియోగదారులను మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అంటే ఎఫ్‌టీసీ. దాని మాట సూటిగా ఉంటుంది. ఎన్ని రోజుల్లో ఇస్తామన్నారో ఆలోపు ఇవ్వాలి. గడువేదీ చెప్పకపోతే సమంజసమైన సమయంలో పంపాలి. మామూలుగా దాన్ని 30 రోజులుగా చూస్తారు.

"రిబేటు ఇచ్చేది తయారీ కంపెనీ, మాకేం సంబంధం?" అని షాపువాళ్లు అంటే? 2005 నాటి కంప్‌యూఎస్‌ఏ కేసు గుర్తుంచుకోండి. ఈ కంప్యూటర్ షాపుల్లో అమ్మిన క్యూపీఎస్ కంపెనీ వస్తువులకు రిబేట్లు సమయానికి రాలేదు, చాలామందికి అసలే రాలేదు. ఆ సంగతి తెలిసి కూడా షాపు ఆ రిబేట్ల ప్రచారం ఆపలేదన్నది ఎఫ్‌టీసీ ఆరోపణ. చివరికి సెటిల్‌మెంట్‌లో, క్యూపీఎస్ ఎగ్గొట్టిన రిబేట్లను కట్టడానికి కంప్‌యూఎస్‌ఏ ఒప్పుకుంది. కొనేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇది చాలా పెద్ద విషయం.

కొన్ని రాష్ట్రాలు ఇంకాస్త ముందుకెళ్లాయి. న్యూయార్క్‌లో రిబేటు కోసం అప్లై చేయడానికి కనీసం 14 రోజులు ఇవ్వాలి, డబ్బు 60 రోజుల్లో పంపాలి. కనెక్టికట్ రూల్ నాకు అన్నిటికంటే నచ్చింది: రిబేటు తీసేసిన ధరను ప్రకటనలో వేయాలంటే, ఆ తగ్గింపును కొన్నప్పుడే షాపు ఇచ్చేయాలి. మొదట్లో చూసిన ప్రకటన అక్కడ చెల్లదు.

(తెర మీద: డబ్బా, కత్తెర)

బార్‌కోడ్ కత్తిరించే ముందు ఒక్క నిమిషం ఆగండి. అది పోయాక వస్తువు వెనక్కివ్వడం కష్టం. కాబట్టి వస్తువు బాగా పనిచేస్తోందో లేదో ముందు చూసుకోండి. పంపే ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి పెట్టుకోండి, ఫారంతో సహా. గడువు తేదీకి పోస్టు ముద్ర పడితే చాలా, లేక వాళ్లకు చేరాలా అన్నది కూడా చదవండి. చెక్కు ఒక్కోసారి ప్రకటన కాగితంలా కనిపించే కవర్లో వస్తుంది, చూడకుండా పారేయొద్దు.

అన్నీ సరిగ్గా పంపినా డబ్బు రాలేదా? ముందు కంపెనీకి రాతపూర్వకంగా అడగండి. కదలకపోతే మీ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు చేయండి. ఎఫ్‌టీసీకి కూడా చెప్పండి. అది మీ ఒక్కరి డబ్బు ఇప్పించదు కానీ, ఒకే కంపెనీ మీద ఫిర్యాదులు పేరుకుంటే కేసు పెట్టే అధికారం దానికుంది.