పడావు నేలల్లో పండిన ఊరి జొన్నలు

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది సెలవు రోజుల్లో ఇంటింటికీ తిరిగి బియ్యం, పప్పులు పోగుచేసి, లేని కుటుంబాలకు అందిస్తున్నారు. అందుకే ఇవాళ జహీరాబాద్ ప్రాంతపు ఆడవాళ్ళు నడిపిన ధాన్యనిధి గురించి మీకు చెప్పాలనుకున్నాను. ఆ నిధికి గింజలు దాతల ఇళ్ళ నుంచి రాలేదు. ఎవరి ఇళ్ళలో తిండికి కొరత ఉందో, వాళ్ళ చేలల్లోంచే వచ్చాయి.

పస్తాపూర్ ఊరు కేంద్రంగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మొదలైంది. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీశ్ 2023లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఊరూరా ఏర్పడిన మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, కూలికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళకు భూమి అసలే లేదనుకోకండి. భూసంస్కరణల్లో లావుణి పట్టాలు, అంటే ప్రభుత్వం పంచిన భూమికి పత్రాలు, వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ వచ్చింది రాళ్ళు తేలిన ఎర్రనేల. దున్నడానికి ఎద్దులు లేవు, వేయడానికి పెంట ఎరువు లేదు, చేతిలో పైసా లేదు. అలా పట్టా ఉన్నా పొలం సాగు లేక పడావు పడింది.

అదే 1983లో రాష్ట్రంలో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. ఎన్నో ఇళ్ళలో అది పొయ్యి వెలిగించింది, దాన్ని తక్కువచేసి మాట్లాడను. అయితే ఆ బియ్యం కాలువల కింది మాగాణుల్లో పండేవి. ఇక్కడి మెట్టనేలకు తెలిసినవి జొన్నలు, సజ్జలు, కొర్రలు. చౌక బియ్యం ఇంట్లోకి వచ్చేసరికి జొన్నకు గిరాకీ తగ్గింది, జొన్నచేనుతో పాటు పశువుల మేతా, కలుపు కూలీ పోయాయి. కార్డు బియ్యం నెలంతా సరిపోయేవి కావు. వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోతే పెద్దరైతు దగ్గర నాగుకు తెచ్చుకుని, పంట రాగానే వడ్డీ గింజలు కలిపి కొలిచి ఇవ్వాల్సి వచ్చేది.

1990ల మధ్యలో సంఘాల ఆడవాళ్ళు, సొసైటీ కలిసి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ముందు ఒక ఆలోచన పెట్టారు. పడావు భూమి సాగుచేయడానికి ఎకరాకు ఇంత అని అప్పు ఇవ్వండి, బాకీ డబ్బుగా కాకుండా జొన్నలుగా, కొన్నేళ్ళపాటు, మా ఊరి నిధికే కడతాం అన్నారు. డబ్బు వచ్చింది. ముప్పైకి పైగా ఊళ్ళలో 2,600 ఎకరాల దాకా మళ్ళీ నాగలి కిందికి వచ్చాయి. దుక్కి, ఎరువు, కలుపు అన్నీ సంఘం కమిటీలే చూసుకున్నాయి. రసాయన ఎరువు వేయకూడదన్నది నియమం. బాకీ కింద వచ్చిన జొన్నలను ఆ ఊళ్ళోనే, వేపాకు, బూడిద కలిపి గుమ్ముల్లో దాచారు.

ఇక ఆ గింజలు ఎవరికి ఇవ్వాలి? మీరందరూ ఎదుర్కొనే ప్రశ్న ఇదే. ఆఫీసులో కూర్చుని రాసిన తెల్లకార్డుల జాబితాను వాళ్ళు తీసుకోలేదు. ఊరి నడుమ నేలమీద ముగ్గుతో, రంగులతో ఊరి పటం గీశారు. ప్రతి వాడా, ప్రతి ఇల్లూ అందులో ఉంటుంది. అందరూ చుట్టూ చేరి ఒక్కో ఇంటి గురించి మాట్లాడారు. భూమి ఎంత, బావి ఉందా, ఎద్దులున్నాయా, మొగుడు పోయిన ఆడమనిషా, మంచాన పడ్డవాళ్ళున్నారా, పిల్లవాణ్ణి పెద్దరైతు ఇంట్లో జీతానికి పెట్టారా? ఆదాయం అంకె చెప్పమంటే ఎవరైనా అబద్ధం చెప్పగలరు. పక్కింటామె ఎదురుగా కూర్చున్నప్పుడు ఎద్దులు లేవని చెప్పడం కష్టం. మనలో లేనివాళ్ళెవరో ఊరికి తెలిసినంతగా ఏ దరఖాస్తుకూ తెలియదని నేను గట్టిగా నమ్ముతాను. బహిరంగంగా పేదరికం తేల్చడం అవమానం కాదా అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. కానీ అడిగేవాళ్ళూ తీసుకునేవాళ్ళూ ఒకే వాడవాళ్ళైనప్పుడు, నిధిలో తమ చెమట కూడా ఉన్నప్పుడు, ఆ మాటల బరువు వేరుగా ఉంటుంది.

అలా ఇళ్ళను పేదరికాన్ని బట్టి వరసలుగా విడదీసి, బాగా లేనివాళ్ళకు ఎక్కువ కిలోలు, కాస్త మెరుగైనవాళ్ళకు తక్కువ చొప్పున, గింజలు అడుగంటే నెలల్లో బజారు ధరకన్నా తక్కువకు అమ్మారు. వచ్చిన డబ్బు బ్యాంకులో ఊరి నిధిగా వేసి, మళ్ళీ సాగుకే అప్పిచ్చారు.

తర్వాతి సంగతి క్లుప్తంగా చెబుతాను. 2013 జాతీయ ఆహార భద్రత చట్టంలో కిలో రూపాయికి చిరుధాన్యాలు కూడా చేరాయి. 2019లో ఈ మహిళా సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. ఊరి విత్తన బ్యాంకుల్లో ఇప్పటికీ విత్తనం తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక అంతకు ఎక్కువే తిరిగి పోస్తారు.

సంక్రాంతి నుంచి ఆ ఊళ్ళలో పాత పంటల జాతర సాగుతుంది. ఎడ్లబండ్ల మీద రకరకాల విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. మీ జట్టు నుంచి ఇద్దరైనా వెళ్ళండి. బండి పక్కన నడిచే పెద్దమ్మలను ఆ ముగ్గు పటం గురించి అడగండి, ఇంటింటి జాబితా ఎలా తేల్చారో వాళ్ళే కూర్చోబెట్టి చెబుతారు. నోట్‌బుక్ తీసుకెళ్ళండి.