ఇంగ్లీష్ ఇడియమ్స్: అర్థంతో పాటు జవాబు కూడా నేర్చుకుందాం

(తెర మీద: పని ముగించుకుంటున్న ఇద్దరు సహోద్యోగులు)

మొదటి వ్యక్తి: యూ లుక్ టయర్డ్. ఆర్ యూ ఓకే?
రెండో వ్యక్తి: ఐయామ్ ఫీలింగ్ ఎ బిట్ అండర్ ద వెదర్.
మొదటి వ్యక్తి: ఓ, సారీ టు హియర్ దట్. షల్ వీ కాల్ ఇట్ ఎ డే?
రెండో వ్యక్తి: యెస్, లెట్స్.

(వ్యాఖ్యాత)
నమస్తే. ఈ నాలుగు మాటల్లోనే రెండు ఇడియమ్స్, అంటే జాతీయాలు, దొర్లిపోయాయి, గమనించారా?

‘అండర్ ద వెదర్’ అంటే ఒంట్లో కాస్త నలతగా ఉందని. ఆ ‘కాస్త’ చాలా ముఖ్యం. జలుబు, తలనొప్పి, నీరసం లాంటి వాటికే ఇది సరిపోతుంది. పెద్ద ఆపరేషన్ అయి మంచం మీదున్న మనిషి గురించి ఇలా అంటే, ఆ బాధను తేలిక చేసినట్టు వినిపిస్తుంది. ‘అనారోగ్యం’ అని ఒక్క ముక్కలో బట్టీ పడితే ఈ తేడా పట్టుబడదు. పైగా ఎదుటివాళ్ళు ఈ మాట అన్నప్పుడు మనం ఏమనాలో ఇడియమ్స్ జాబితాల్లో సాధారణంగా ఉండదు. అందుకే ‘సారీ టు హియర్ దట్’ని కూడా కలిపే నేర్చుకోండి.

‘కాల్ ఇట్ ఎ డే’ అంటే ఇవాళ్టికి చాలు, ఆపేద్దాం అని. రాత్రి పదకొండింటికైనా అనొచ్చు. పై అధికారితో అనేటప్పుడు మాత్రం, ఇందాక విన్నట్టు ‘షల్ వీ’ చేర్చి ప్రశ్నలా అడగండి, మర్యాదగా ఉంటుంది.

(తెర మీద: ఫోన్‌లో ఒక పేరు చూపిస్తూ)

మొదటి వ్యక్తి: డూ యూ నో దిస్ నేమ్?
రెండో వ్యక్తి: ఇట్ రింగ్స్ ఎ బెల్, బట్ ఐయామ్ నాట్ ష్యూర్.

(వ్యాఖ్యాత)
‘ఇట్ రింగ్స్ ఎ బెల్’ అంటే ఎక్కడో విన్నట్టుంది, సరిగ్గా గుర్తు రావట్లేదు అని. ఇక్కడ గంట మోగించేది ఆ పేరే. ‘ఐ రింగ్ ఎ బెల్’ అంటే మీరు నిజంగానే గంట కొట్టినట్టవుతుంది!

ఇడియమ్‌లో మాటలు మన ఇష్టానికి మార్చకూడదు. తెలుగులో ‘నీళ్ళు నమిలాడు’ అంటాం, ‘మంచినీళ్ళు నమిలాడు’ అనం కదా! అలాగే చాలా తేలికైన పనిని ‘పీస్ ఆఫ్ కేక్’ అంటారు. ‘స్లైస్ ఆఫ్ కేక్’ అంటే తినే ముక్కే.

కుండపోత వానకి వాడే ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ మాటకొస్తే, పాఠాల్లో కనిపించినంతగా రోజువారీ మాటల్లో వినిపించదు. ‘ఇట్స్ పోరింగ్’ అనండి, చాలు.

ఇప్పుడు మీ వంతు. ‘ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్?’ అంటే నన్ను ఆటపట్టిస్తున్నావా, నిజమేనా అని. ఎదుగుతున్న మనిషిని కాళ్ళు పట్టి కిందికి లాగడం కాదు. చనువున్న వాళ్ళతోనే వాడండి. నేను మీ స్నేహితుణ్ణి అనుకోండి. నేనొక మాట అంటాను, వీడియో ఆపి, పైకి వినపడేలా జవాబివ్వండి.

‘గెస్ వాట్! ఐ జస్ట్ వన్ ఎ కార్!’

(తెర ఐదు సెకన్లు ఖాళీ)