పచ్చిక మేసిన బీఫ్ భూమిని కాపాడుతుందా? అస్సలు కాదు!

"షెడ్లలో పెంచిన బీఫే చెడ్డది, పచ్చిక మేసిన పశువు మాంసం వాతావరణానికి మేలు." ఈ మాట మళ్లీ ఊపందుకుంది. తప్పండీ, పచ్చి తప్పు!

2013లో జింబాబ్వే పర్యావరణవేత్త ఆలన్ సేవరీ టెడ్ అనే ప్రసంగాల వేదికెక్కి, మందల్ని పద్ధతిగా మేపితే వాతావరణ మార్పును వెనక్కి తిప్పొచ్చన్నాడు. లక్షల మంది నమ్మేశారు. 2017లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల బృందం లెక్క తీసింది. అన్నీ కలిసొచ్చినా, మేత గడ్డి గాల్లోంచి లాగి నేలలో దాచే కార్బన్ ఆ పశువులు వదిలే, భూమిని వేడెక్కించే వాయువుల్లో 20 నుంచి 60 శాతానికే సరిపోతుంది. మిగతాది గాల్లోకే! పైగా కొన్ని దశాబ్దాలకి నేల నిండిపోతుంది, ఇక కార్బన్ పట్టదు. పశువులు మాత్రం త్రేన్పులు ఆపవు.

అవును, త్రేన్పులే. పొట్టలోని సూక్ష్మజీవులు పీచుని పులియబెడితే మీథేన్ పుట్టి నోట్లోంచి వస్తుంది. గింజలు తిన్న పశువు త్వరగా బరువెక్కుతుంది. గడ్డి మేసేది అదే బరువుకి రావాలంటే ఇంకా చాలా నెలలు బతకాలి. ఆ నెలలన్నీ మీథేనే! కిలో మాంసానికి ఏది ఎక్కువో మీరే చెప్పండి.

"మీథేన్ పన్నెండేళ్లలో పోతుందిగా" అంటారు. పోతుంది. కానీ 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడి పుట్టించి మరీ పోతుంది.

ఈ వాదన ఎందుకు చావట్లేదో నా థియరీ చెప్తా. ఆ ఫొటో వల్ల! పచ్చటి కొండ, నీలాకాశం, తాపీగా మేస్తున్న ఆవు. ఇరుకు షెడ్లు చూసి కడుపులో దేవినవాళ్లకి వాటి పక్కన ఏది పెట్టినా పుణ్యంలాగే కనిపిస్తుంది. పశువుకి ఆరుబయట బతుకే మంచిది, నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. పశువుకి మంచిదైతే వాతావరణానికీ మంచిదేనని ఎవరన్నారు?

ఆ ఫొటోలో కనపడనిది భూమి. ప్రపంచ వ్యవసాయ భూమిలో దాదాపు మూడింట రెండొంతులు మేతకే పోతోంది. అమెజాన్‌లో అడవి నరికిన చోట ఎక్కువగా మొలిచింది పశువుల మేతే. పంట పండని నేలల్లో మందల మీదే బతికే కాపరుల గురించి కాదు నా గొడవ. ఊరూరా పచ్చిక బీఫ్ అమ్ముదామంటున్నారే, వాళ్లతో! అంత నేల ఎక్కడుంది? ఏ అడవిని అడుగుతారు?

2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. అన్నిటికంటే తక్కువ హాని చేసే బీఫ్ కూడా, అంతే ప్రొటీన్ ఇచ్చే బఠానీలతో పోలిస్తే 6 రెట్లు వాయువులు వదులుతుంది, 36 రెట్లు భూమి మింగుతుంది. ముప్ఫై ఆరు! కాదనేవాళ్లు కామెంట్లలోకి రండి. ఫొటోతో కాదు, లెక్కతో రండి.