41వ భాగం: కోరెషు దగ్గర మొదలెట్టి, గుండ్లకమ్మ దగ్గర ఆగాం

అమ్ములు: అందరికీ వందనాలు. బయట వాన దంచుతోంది, రేకుల చప్పుడు వినిపిస్తే కాస్త సర్దుకోండి. చరిత్రలో దేవుడి చెయ్యి ఎక్కడెక్కడ కనిపిస్తుందో మాట్లాడుకుందామని పోయిన వారమే అనుకున్నాం కదా. బాబాయ్, ఆ సున్నుండల డబ్బా అవతల పెట్టు.

బాబాయ్: పెట్టాను తల్లీ. వందనాలండీ.

అమ్ములు: కోరెషుతో మొదలెడతా. పారసీక రాజు, యెహోవాను ఎరగనివాడు. క్రీ.పూ. 539లో బబులోను ఆయన చేతికొచ్చింది. చెరలో ఉన్న యూదుల్ని మీ ఊరికి మీరు పొండి, మందిరం కట్టుకోండి అన్నాడు. ఆ తర్వాత ఎస్తేరు. హెబ్రీలో ఆ పుస్తకం మొత్తం వెతికినా దేవుడి పేరు ఉండదు. కానీ ఆ కథలో రాజుకి ఒక్క రాత్రి నిద్ర పట్టలేదు, అంతే, కథంతా తిరిగిపోయింది. ఇంకా...

బాబాయ్: మరి మన ఒంగోలు వైపు బోధకుడు పేరయ్య గారు?

అమ్ములు: అప్పుడే వచ్చేశారా పేరయ్య గారు! మూడు నిమిషాలు కూడా కాలేదు.

బాబాయ్: కోరెషు సంగతి ఏ గుళ్లోనైనా వింటాం. ఒంగోలు సంగతి మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?

అమ్ములు: సరే, నేనే చెబుతా, విను. 1853లో అమెరికా బాప్టిస్టులు నెల్లూరు మిషన్ మూసేద్దామా అని కూర్చున్నారు. ఏళ్ల తరబడి పనిచేసినా నమ్మినవాళ్లు వేళ్ల మీద లెక్కే. పటంలో ఒంటరి చుక్కలా మిగిలింది. మూయలేదు. 1854 జనవరి 1, ఇంకా తెల్లారలేదు, ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకరించారు. మిషనరీలు జ్యూయెట్ దంపతులు, మన తెలుగు విశ్వాసి నెల్లూరు జూలియా, ఇంకో ఇద్దరు. ఈ ఊరికి ఒక మనిషిని పంపు అని ప్రార్థన. పన్నెండేళ్లకు, 1866లో, అమెరికా మిషనరీ క్లౌ దొరగారు వచ్చారు. ఆయన అంతకు ముందు భూములు కొలిచే సర్వేలో పనిచేసినవాడు. పదేళ్లకు ధాత కరువు, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి ఆ పేరు. సర్కారు కరువు పనికింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, కొలతలు తెలిసిన దొర కాబట్టే మూడున్నర మైళ్లు కంట్రాక్టుకి తీసుకోగలిగాడు. వేలమందికి కూలి దొరికింది. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఇందులో ఏ ముడి విప్పినా మిగతాది నిలవదు బాబాయ్. అందుకే నేనంటాను, ఆ కరువు కూడా దేవుడి ఏర్పాటే.

బాబాయ్: ఆ మాట అనొద్దు.

అమ్ములు: ఏం, ఎందుకనొద్దు?

బాబాయ్: మిగతాదంతా ఒప్పుకుంటా. కొండ, సర్వే, కాలువ, అంతా. కరువు మాత్రం ఆయన నెత్తిన పెట్టొద్దు. వానలు పడలేదు, నిజమే. కానీ ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండు పోతూనే ఉంది, వైస్రాయి లిట్టన్ ఆపలేదు. 1877 మొదట్లో, కరువు పనులు చూడ్డానికి సర్కారు పంపిన టెంపుల్ దొర, మగ కూలీకి రోజుకు ఒక పౌను, అంటే అర కిలో లోపు ధాన్యం, ఒక అణా చాలన్నాడు. రోజంతా మట్టి మోసే మనిషికమ్మా! దేశంలో 55 లక్షల మంది దాకా పోయారని అంచనా. గుడి నిండటానికి దేవుడు ఇంతమందిని చంపుతాడా?

అమ్ములు: చంపాడని నేనన్నానా? యోసేపు ఏమన్నాడు అన్నలతో? మీరు నాకు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడు అన్నాడా లేదా? అక్కడా కరువే కదా.

బాబాయ్: అన్నాడు. ఎవరన్నారు? యోసేపు. గుంటలో పడ్డవాడు, అమ్ముడుపోయినవాడు, జైల్లో కూర్చున్నవాడు. వాడికి ఆ హక్కుంది. అదే మాట అన్నలు అని ఉంటే? ‘తమ్ముడూ, నిన్ను గుంటలో తోసింది దేవుడి సంకల్పమేరా’ అంటే వినడానికి ఎలా ఉంటుంది?

అమ్ములు: ...

బాబాయ్: కాలువ గట్టున పిల్లల్ని పూడ్చుకున్న తల్లి తనంతట తాను అంటే చేతులు జోడించి వింటా. ఆమె తరఫున మనం అనకూడదు.

అమ్ములు: సరే. మరి నువ్వు దేవుడి చెయ్యి ఎక్కడ చూస్తావు? అది చెప్పు.

బాబాయ్: పేరయ్య గారిలో.

అమ్ములు: తెలుసు!

బాబాయ్: నవ్వకు, విను. ఎర్రగుంట్ల పేరయ్య, తాళ్ళకొండపాడు మాదిగ. యోగమార్గంలో గురువు, వెనక శిష్యులున్నారు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు పోయి అక్కడ క్రీస్తు మాట విన్నాడు. తిరిగొచ్చి తన పల్లెల్లో తానే చెప్పుకుంటూ ఉన్నాడు. 1867 జనవరిలో దొర తాళ్ళకొండపాడు చింతతోపులో గుడారం వేసేసరికి జనం సిద్ధంగా ఉన్నారు. 28 మందికి బాప్తిస్మం. ఆ సిద్ధం చేసింది ఎవరు?

అమ్ములు: ఆ రోజుల్లోనే కదా, మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని ఒంగోలు పెద్దకులాల వాళ్లు అడ్డం తిరిగింది. అప్పుడు దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చింది. మొదటి కొరింథీ, ఒకటో అధ్యాయం. లోకం తృణీకరించిన వాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని. నాకు ఎప్పుడు చెప్పినా ఒళ్లు జలదరిస్తుంది.

బాబాయ్: నాకూ అంతే తల్లీ. ఇంకోటి. కాలువ మీద మేస్త్రీలుగా ఉన్నది మన బోధకులే. మామూలుగా మాదిగ కూలీని బూతులు తిట్టి, దూరం నిలబెట్టి కూలి విసిరే చోట, వీళ్లు పక్కన కూర్చున్నారు. పార దించిన కాసేపట్లో పేరు పెట్టి పలకరించారు, ఓదార్పు మాట చెప్పారు. ‘భారం మోసేవాళ్లారా, నా దగ్గరికి రండి’ అన్న మాట, నెత్తిన మట్టి తట్ట ఉన్నప్పుడు ఎలా వినపడి ఉంటుందో ఆలోచించు. కరువు సర్కారుది. ఆ పక్కన కూర్చోవడం దేవుడిది.

అమ్ములు: అన్నం కోసం కలిశారన్న మాట కూడా ఉంది కదా, ఇప్పటికీ అంటారు.

బాబాయ్: అంటారు. పదిహేను నెలలు దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదమ్మా! అడిగిన వాళ్లని ఆగమన్నాడు, అన్నానికి వచ్చారనే మాట రాకూడదని. ఆ తర్వాత గుండ్లకమ్మ మీద వెల్లంపల్లి రేవులో జులై 2న 614, మర్నాడు 2,222, ఆ మర్నాడు 700. దొర చెయ్యి తడవలేదు, నీళ్లలో దిగింది మన పాస్టర్లే. ఇద్దరిద్దరు చొప్పున, వంతులేసుకుని.

అమ్ములు: మన వాళ్లు ఉన్నారా అందులో?

బాబాయ్: మా నాయనమ్మ వాళ్ల అమ్మ ఉంది. కాలువ తవ్వింది. ఇద్దరు పిల్లలు ఆ గట్టునే పోయారు.

అమ్ములు: ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు.

బాబాయ్: నాయనమ్మ చెప్పేది. వాళ్లమ్మ పొయ్యి రాజేసే ముందు చాటలోంచి పిడికెడు గింజలు తీసి ముంతలో వేసేదట. గుడికి. ఇంట్లో రెండు పిడికిళ్లే ఉన్న రోజు కూడా. కరువు గురించి అడిగితే ఏమీ చెప్పేది కాదట. ‘ఆ రోజు మా పక్కన కూర్చున్నారు’ అనేదట. అంతే.

అమ్ములు: ...ముంత ఉందా ఇంకా?

బాబాయ్: చిన్నత్త దగ్గర ఉండాలి. పగిలింది అన్నారు ఒకసారి.

అమ్ములు: అయ్యో, కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌లో నాలుగు శాతమే ఉంది.

బాబాయ్: వాన తెరిపిస్తే రేపు తాళ్ళకొండపాడు పోదామా? ఆ చింతతోపు ఎక్కడో చూసొద్దాం.

అమ్ములు: నీ స్కూటర్ మీదా? చిన్నత్తకి ముందు ఫోన్ చెయ్యి, ఆ ముంత...